బుర్ర ఉందండీ, కానీ రాయడు: ప్రతిభా ఇబ్బందీ ఒకే పిల్లల్లో ఉన్నప్పుడు

"బుర్ర ఉందండీ, వాడడు." "నోటితో అడిగితే అన్నీ చెప్తుంది, పేపర్ మీద ఏమీ ఉండదు." "కాస్త నిలకడగా కూర్చుంటే క్లాస్ ఫస్ట్ రావాల్సినవాడు." పేరెంట్ మీటింగులకు వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది ఈ మాటలు వినే ఉంటారు. టీచర్ల గమనింపులో తప్పు లేదు. తెలివీ నిజమే, రాయలేకపోవడమూ నిజమే. చిక్కల్లా ఆ రెంటినీ కలిపి బద్ధకం అని తేల్చేయడం దగ్గరే వస్తుంది.

గత కొన్నేళ్లుగా ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటి పేర్లు మన ఇళ్లలో మామూలుగా వినిపిస్తున్నాయి. మరోవైపు ఒలింపియాడ్లు, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచులు ఆరో తరగతిలోనే మొదలవుతున్నాయి. 'ప్రత్యేక అవసరాలున్న పిల్లలు' ఒక గుంపు, 'బ్రైట్ స్టూడెంట్స్' ఇంకో గుంపు అని స్కూళ్లు విడదీసి చూస్తాయి. రెండు గుంపుల్లోనూ ఉండాల్సిన పిల్లలు చాలాసార్లు ఏ ఒక్కదాంట్లోనూ లెక్కకు రారు.

ముందు పదాలు, వాటి హద్దులు

న్యూరోడైవర్జెంట్ అన్నది జబ్బు పేరు కాదు. ఎక్కువమంది మెదళ్లు పనిచేసే తీరుకు భిన్నంగా పనిచేసే మెదళ్లన్నిటికీ కలిపి వాడే మాట. దీని వెనకున్న ఆలోచన 1990ల్లో, ముఖ్యంగా ఆటిజం ఉన్నవాళ్ల మధ్య నుంచే పుట్టింది. దాని కిందికి వచ్చేవి వేర్వేరు సంగతులు. ఆటిజంలో ఎదుటివాళ్లతో మాట కలపడం, మార్పును తట్టుకోవడం, శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటి వాటిని భరించడం వేరుగా ఉంటాయి. ఏడీహెచ్‌డీలో ధ్యాసను తనకు కావలసిన చోట నిలపడం, ఆగి ఆలోచించడం కష్టం. డిస్లెక్సియాలో చదవడం, డిస్‌గ్రాఫియాలో రాయడం, డిస్‌కాల్క్యులియాలో అంకెలు ఇబ్బంది పెడతాయి. ఈ చివరి మూడింటినీ కలిపి మన చట్టం 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' అంటుంది. వీటిలో ఏదీ తెలివి తక్కువతనం కాదు. మేధో వైకల్యం పూర్తిగా వేరే విషయం.

ప్రతిభావంతులు అంటే ఎవరన్నది ఇంకా తెగని చర్చ. పాత పద్ధతిలో ఐక్యూ 130 దాటితే ప్రతిభావంతులు. సగటు 100గా పెట్టుకునే ఈ పరీక్షల్లో 130 దాటేది సుమారు 2 శాతం మంది. ఆ గీత ఎంత నమ్మదగినదో చెప్పే ఉదంతం ఒకటుంది. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్టు 1921లో తెలివైన పిల్లలను పరీక్షలతో ఎంపిక చేసి దశాబ్దాలపాటు గమనించే పని మొదలుపెట్టాడు. అప్పట్లో ఆ ఎంపికలో నిలవని పిల్లల్లో విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ ఉన్నారు. షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1978లో జోసెఫ్ రెంజుల్లి అనే విద్యా పరిశోధకుడు వేరే దారి చూపించాడు. సగటుకు మించిన సామర్థ్యం, సృజన, పట్టుకున్న పనిని వదలని పట్టుదల కలిసిన చోటే ప్రతిభ కనిపిస్తుందన్నాడు. ఈ లెక్కన పరీక్ష మార్కుల కంటే పిల్లలు ఇష్టంగా చేసే పనిని చూడటం ముఖ్యం.

ప్రతిభతోపాటు పై ఇబ్బందుల్లో ఏదో ఒకటి ఉన్న పిల్లలను విదేశీ స్కూళ్లలో 'ట్వైస్ ఎక్సెప్షనల్' అంటారు. మన స్కూళ్లలో ఇంకా అలాంటి లెక్క లేదు. పిల్లలు మాత్రం ఉన్నారు.

ఒకదాన్ని ఒకటి కప్పేసే తీరు

ఇది మూడు రకాలుగా జరుగుతుంది. మొదటిది, తెలివి ఇబ్బందిని దాచేయడం. డిస్లెక్సియా ఉన్న చురుకైన పాప పాఠాన్ని ఒకసారి విని మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ చూసి, పక్కవాళ్లు చదివింది విని, మిగతాది ఊహించి 'చదివేస్తుంది'. మూడో తరగతి దాకా ఎవరికీ అనుమానం రాదు. పాఠాలు పొడవై, ఊహకు అందని కొత్త మాటలు పెరిగాక మార్కులు ఒక్కసారిగా పడిపోతాయి. అప్పుడు ఇంట్లో అనేది, "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడేమైంది? ఫోన్ ఎక్కువైంది."

రెండోది దీనికి తలకిందులు. ఇబ్బంది తెలివిని దాచేస్తుంది. ఆటిజం ఉండి మాటలు ఆలస్యంగా వచ్చిన బాబును స్కూల్లో ముందే ఒక మూల కూర్చోబెట్టేస్తారు. వాడు రైల్వే టైంటేబుల్ మొత్తం తలలో పెట్టుకున్నాడనీ, క్యాలెండర్ లెక్కలు చిటికెలో చేస్తాడనీ ఇంట్లోవాళ్లకే తెలుసు. స్కూల్లో ఎవరూ అడగరు.

చాలామంది మూడో రకంలో ఉంటారు. తెలివీ ఇబ్బందీ ఒకదాన్నొకటి సరిపెట్టేసుకుని పిల్లవాడు 'యావరేజ్'గా కనిపిస్తాడు. 65 మార్కులు వస్తాయి. ఫెయిల్ కాడు కాబట్టి ఎవరూ సాయానికి రారు. టాపర్ కాడు కాబట్టి అవకాశమూ రాదు. ఆ 65 కోసం వాడు పడే పాట్లు ఎవరికీ కనపడవు.

ఆడపిల్లల్లో ఇది మరింత లోతుగా దాగుతుంది. ఏడీహెచ్‌డీ అంటే గంతులేసే మగపిల్లాడే గుర్తొస్తాడు. కిటికీలోంచి చూస్తూ ఊహల్లో ఉండిపోయే పాప అల్లరి చేయదు కాబట్టి 'మంచి పిల్ల' అయిపోతుంది. పక్కమ్మాయిలను చూసి వాళ్లలాగే నవ్వడం, మాట్లాడటం నేర్చుకుని రోజంతా నెట్టుకొచ్చే ఆటిజం పాప విషయంలోనూ అంతే. వీళ్లకు తమ ఇబ్బంది పేరు తెలిసేసరికి కాలేజీ వయసు దాటిపోవడం మామూలే.

ఒకే అంకె ఎందుకు సరిపోదు: ఒక లెక్క

ఐదో తరగతి బాబు ఒకడిని ఊహించుకుందాం. ఇప్పుడు ఎక్కువగా వాడే ఐక్యూ పరీక్షల్లో ఐదు భాగాలు ఉంటాయి. ఈ బాబుకు వచ్చినవి ఇలా ఉన్నాయనుకుందాం: భాషతో ఆలోచించడంలో 134, ఆకారాలను గ్రహించడంలో 121, కొత్త సమస్యను తర్కంతో విప్పడంలో 128, విన్నదాన్ని కాసేపు తలలో నిలుపుకోవడంలో 92, చూసినదాన్ని గ్రహించి పని ముగించే వేగంలో 80.

కూడితే 555, ఐదుతో భాగిస్తే 111. మొత్తం ఐక్యూను లెక్కగట్టే అసలు పద్ధతి ఇంత సూటిగా ఉండదు, కానీ ఫలితం దీనికి దగ్గర్లోనే ఉంటుంది. 111 అంటే రిపోర్టులో 'సగటు కంటే కాస్త మెరుగు' అని వస్తుంది. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు, స్కూల్ ఫైలు మూసేస్తుంది.

ఇప్పుడు విడిగా చూడండి. 134 అంటే వందమందిలో పైనున్న ఒకరిద్దరిలో ఒకడు. 80 అంటే వందమందిని వరుసలో నిలబెడితే కింద నుంచి తొమ్మిదో చోటు దగ్గర. ఒకే బాబు, ఒకే తల. టీచర్ అడిగిన ప్రశ్నకు చెయ్యెత్తే మొదటివాడూ, నోట్స్ రాసి ఇచ్చే చివరివాడూ వాడే. 111 అన్న అంకెకు సరిపోయే పిల్లవాడు ఆ క్లాసులో అసలు లేడు. అందుకే భాగాల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు అనుభవమున్న సైకాలజిస్టులు మొత్తం అంకెను పక్కనపెట్టి భాగాలనే చదువుతారు. రిపోర్టు అంటే చివరి పేజీలోని ఒక్క అంకె కాదని తల్లిదండ్రులకు ముందే తెలిస్తే సగం గందరగోళం తగ్గుతుంది.

తెలుగు చదివేవాడు ఇంగ్లిష్ దగ్గర ఎందుకు ఆగిపోతాడు

మన దగ్గర డిస్లెక్సియాను గుర్తించడంలో ఇంకో ముడి ఉంది. తెలుగులో రాసిందే చదువుతాం, చదివిందే రాస్తాం. ఇంగ్లిష్‌లో అలా కాదు, ఒకే అక్షరానికి చోటును బట్టి పలుకు మారిపోతుంది. అందువల్ల డిస్లెక్సియా ఉన్న పిల్లలు తెలుగును తప్పులు తక్కువగా, కానీ చాలా నెమ్మదిగా, కూడబలుక్కుంటూ చదవడం, ఇంగ్లిష్‌లో మాత్రం పూర్తిగా తేలిపోవడం కనిపిస్తుంది. "తెలుగు వస్తోంది కదా, ఇంగ్లిష్ అంటే భయం, అంతే" అని సరిపెట్టేస్తారు.

తెలుగుకు తన కష్టాలు తనకున్నాయి. వ, ప, ష, స దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. మ, య కూడా అంతే. ద, ధ, థలలో తేడా చిన్న గీత, చుక్క. గుణింతాల్లో కి, కీ, కె, కే మధ్య తేడా తల మీది ఆ చిన్న మెలికలోనే ఉంటుంది. ఒత్తు కిందకు పోతుంది, కొన్నిసార్లు పక్కకు జరుగుతుంది. అక్షరాల సంఖ్యే ఎక్కువ కాబట్టి వాటి మీద పట్టు రావడానికి మామూలు పిల్లలకే రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి ఒకటో తరగతి పిల్ల ఒత్తులు తప్పు రాసినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. నాలుగో తరగతికి వచ్చినా అవే తప్పులు అలాగే ఉంటే అది వేరే కథ.

ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్ మీడియం అయిన పిల్లల విషయంలో నిపుణులు కూడా తడబడతారు. ఇంగ్లిష్ చదవలేకపోవడానికి కారణం డిస్లెక్సియానా, లేక ఆ భాషే సరిగ్గా అందలేదా? ఈ రెంటినీ విడదీయాలంటే తెలుగులోనూ పరీక్షించి చూడాలి. రెండు భాషల్లోనూ మాటలోని శబ్దాలను విడదీయడం, చూపించిన బొమ్మల పేర్లను వేగంగా పలకడం కష్టంగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే వెనకబడితే ముందు బోధన వైపు చూడాల్సి వస్తుంది. ఇంగ్లిష్‌లో పెట్టిన ఐక్యూ పరీక్ష ఊళ్లోని తెలివైన పిల్లను తక్కువ చేసి చూపించే ప్రమాదం కూడా ఇక్కడిదే.

చట్టం ఎంతవరకు వస్తుంది

1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, ఆ జాబితాను 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం అందులో చోటు చేసుకున్నాయి. ఏడీహెచ్‌డీ లేదు. డాక్టర్ ఏడీహెచ్‌డీ అని నిర్ధారించినా దాని పేరు మీద మాత్రమే వైకల్య ధ్రువపత్రం రాకపోవడానికి కారణం ఇదే. వెంట అభ్యసన వైకల్యమో ఆటిజమో ఉంటే దాని మీద వస్తుంది. తల్లిదండ్రులకు ఇది అన్యాయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. క్లాసులో ఆ పిల్లలు పడే కష్టం జాబితాను బట్టి మారదు.

అభ్యసన వైకల్యం విషయంలో 2018 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. 2018 నాటి వాటి ప్రకారం మూడో తరగతిలో లేదా 8 ఏళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు ప్రాథమికంగా పరిశీలించాలి. ధ్రువపత్రం 8 ఏళ్లు నిండాకే. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష. 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. ముందు ఐక్యూ చూస్తారు, అది 85 దాటితే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సెట్ పెడతారు.

ఐక్యూకు కింద హద్దు ఉందే కానీ పైన లేదు కాబట్టి కాగితం మీద ప్రతిభావంతులకు అడ్డేమీ లేదు. అడ్డు వేరే చోట వస్తుంది. ఈ పరీక్షల్లో సాధారణంగా చూసేది పిల్లవాడు తన తరగతి కంటే రెండు తరగతులు వెనక ఉన్నాడా అని. పైన చెప్పిన 134 బాబు తెలివితో నెట్టుకొస్తూ ఒక తరగతి మాత్రమే వెనక ఉంటే? వాడి సామర్థ్యానికీ రాతకూ మధ్య దూరం ఎంతో, ధ్రువపత్రానికి కావలసిన దూరం మాత్రం లేదు. మన వ్యవస్థలో అతి పెద్ద ఖాళీ ఇదేనని నా అభిప్రాయం.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఈ చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడ ప్రత్యేక విద్యకు ఫెడరల్ చట్టం ఉంది. ప్రతిభావంతుల కార్యక్రమాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి, జిల్లాను బట్టి మారతాయి. మార్కులు బాగున్నాయి కాబట్టి ప్రత్యేక విద్య అవసరం లేదనే జవాబు చాలామందికి వచ్చేది. తెలివితేటలు ఎక్కువ ఉన్నంత మాత్రాన పిల్లలను ఆ పరిశీలన నుంచి తప్పించకూడదని అక్కడి విద్యాశాఖ 2013లో స్పష్టం చేసింది.

అదనపు సమయం ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయమా?

ధ్రువపత్రం ఉన్న పిల్లలకు రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనం. "మా వాడికీ ఇంకో గంట ఇస్తే ఇంకో పది మార్కులు తెచ్చుకుంటాడు" అని మిగతా తల్లిదండ్రులు అనడం వింటాం. ఆ మాటను కొట్టిపారేయకూడదు. వేగాన్ని కొలిచే పరీక్షల్లో అదనపు సమయం అందరికీ కొంత పనికొస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పనికొస్తుందని కూడా అవే చెబుతున్నాయి.

లెక్క వేసి చూద్దాం. క్లాసులో ఒక పిల్ల నిమిషానికి 12 మాటలు రాస్తుందనుకుందాం, డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లవాడు 6. గంటలో ఆ పాప 720 మాటలు రాస్తుంది. వీడికి 80 నిమిషాలిచ్చినా రాసేది 480. అదనపు సమయం తర్వాత కూడా వాడు మూడోవంతు వెనకే ఉన్నాడు. చేయి నొప్పి సంగతి ఈ లెక్కలో లేదు. ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఆ పరీక్ష కొలవాలనుకున్నది ఏమిటి? సాంఘికశాస్త్రం పేపర్ కొలవాల్సింది సాంఘికశాస్త్రం తెలుసా లేదా అన్నది. వేగమే కొలవాల్సిన టైపింగ్ పరీక్షలో ఇదే వాదన నిలవదు.

వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే ఇలాంటి వెసులుబాట్లు అని గీత గీసేవారు. అంత లేనివాళ్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చేతివేళ్లు పట్టేసే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదని రాసిపెట్టే మనిషిని నిరాకరించారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో కోర్టు, ఆ 40 శాతం గీత రిజర్వేషన్ల లాంటి వాటికే తప్ప ఇలాంటి వెసులుబాటును నిరాకరించడానికి కాదని తీర్పిచ్చింది. 2022 ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు వచ్చాయి.

బలం సంగతి ఎవరు చూస్తారు

ఇబ్బంది తెలిశాక మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. చెస్ మాన్పిస్తారు, డ్రాయింగ్ మాన్పిస్తారు, ఆ గంటల్లో హ్యాండ్‌రైటింగ్ క్లాసు. "ముందు ఇది దారిలో పడనీ, తర్వాత చూద్దాం." ప్రేమతోనే చేస్తారు, టెన్షన్‌తో చేస్తారు. కానీ ఈ పిల్లలకు తమ మీద తమకు నమ్మకం మిగిలేది బలమున్న చోటే. అదీ తీసేస్తే రోజు మొత్తం తాను చేయలేని పనుల మధ్యే గడుస్తుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఏకీభవించే విషయం ఇది: రెండూ ఒకేసారి నడవాలి, ఒకటి అయ్యాక ఇంకోటి కాదు.

బలానికి మేత ఎలా పెట్టాలన్న దాంట్లోనే అభిప్రాయ భేదాలు. పై తరగతికి పంపేయాలని కొందరు, అదే తరగతిలో లోతు పెంచాలని కొందరు. సరిగ్గా ఎంచిన పిల్లలను ముందుకు పంపితే చదువులో నష్టం లేదని, చాలామందికి మేలే జరిగిందని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ఇచ్చిన సమీక్ష చెప్పింది. అయితే ఆ 'సరిగ్గా ఎంచిన' అన్నదే కీలకం. తలలో పద్నాలుగేళ్లు, రాతలో ఎనిమిదేళ్లు, కోపతాపాల్లో ఆరేళ్లు ఉన్న పదేళ్ల పిల్లను ఏ తరగతిలో కూర్చోబెడతాం? ఇలాంటివాళ్లకు ఒక్క సబ్జెక్టులో మాత్రం పై తరగతి పాఠం చెప్పడం ఎక్కువ నప్పుతుంది. మన స్కూళ్ల టైంటేబుల్లో అది కుదరడం అరుదు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతిభ ఉన్న పిల్లలకు అంశాల వారీ క్లబ్బులు, ప్రాజెక్టుల గురించి మాట్లాడింది. ప్రత్యేక అవసరాల పిల్లల గురించీ మాట్లాడింది, కానీ వేరే అధ్యాయంలో. మన కార్పొరేట్ చదువుల్లో ప్రతిభ అంటే వేగంగా, ఎక్కువ గంటలు, తప్పుల్లేకుండా ప్రాక్టీస్ పేపర్లు చేయగలగడం. నెమ్మదిగా రాసే గొప్ప ఆలోచనకు ఆ ర్యాంకుల సెక్షన్లలో చోటు లేదు. వేగం కూడా ఒక సామర్థ్యమే, కాదనలేం. దాన్ని ఒక్కదాన్నే ప్రతిభగా లెక్కించడం వల్ల పోగొట్టుకుంటున్న పిల్లలను చూస్తే బాధేస్తుంది.

బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లో తుఫాను

"స్కూల్లో ఏ కంప్లయింటూ లేదు, మీ ఇంట్లో గారాబం ఎక్కువ" అని టీచర్లు చెప్పి పంపేస్తారు. ఆరు గంటలపాటు శబ్దాన్ని, గుంపును, కదలకుండా కూర్చోవడాన్ని భరించిన పిల్లలు ఇంటికి రాగానే ఆ బిగువు వదిలేస్తారు. చెప్పులు విసరడం, చిన్న మాటకే ఏడవడం ఆ వదలడమే. ఇల్లు భద్రమైన చోటు కాబట్టే అక్కడ బయటపడుతుంది. బడి నుంచి రాగానే హోంవర్క్, వెంటనే ట్యూషన్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. కాసేపు ఎవరూ ఏమీ అడగని విరామం దొరికిన పిల్లలు అదే హోంవర్క్‌ను తక్కువ గొడవతో ముగించడం కుటుంబాలు చెప్పే అనుభవం.

అమ్మమ్మలు, తాతయ్యలు "వాళ్ల నాన్న కూడా ఇంతే, పెద్దయ్యాక బాగుపడ్డాడు" అంటారు. అందులో నిజం ఉంది. ఈ లక్షణాలు కుటుంబాల్లో వస్తాయి. ఆ నాన్న ఎన్ని దెబ్బలు తిని బాగుపడ్డాడో, ఇప్పటికీ ఫారం నింపాలంటే ఎందుకు తప్పించుకుంటాడో కూడా ఆ కథలో ఉంటుంది.

పిల్లల ఇబ్బందికి పేరు పెట్టాలా వద్దా అన్న చర్చలో ఇరువైపులా బలమైన మాటలున్నాయి. పేరు పడితే టీచర్ ఆశించడం తగ్గిస్తారు, పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది అన్న భయం ఉత్తది కాదు. పేరు లేకపోతే సాయం రాదన్నదీ అంతే నిజం. ఆటిజం ఉండి ఆ పేరును ఇష్టంగా చెప్పుకునే పెద్దవాళ్లు ఇది లోపం కాదు, తేడా మాత్రమే అంటారు. రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పిల్లల తల్లిదండ్రులకు ఆ మాట తమ కష్టాన్ని తేలిక చేసినట్టు వినిపిస్తుంది. ఆటిజం పరిధి ఇద్దరినీ కలుపుకునేంత వెడల్పైనది, అందుకే ఈ వాదన ఒక కొలిక్కి రాదు. 'పూర్తిగా నయం చేస్తాం' అని లక్షలు తీసుకునే చికిత్సలు మాత్రం ఈ చర్చలో భాగం కావు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో దారి ఎక్కడ మొదలవుతుంది

సర్కారు బడుల వైపు సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో ప్రత్యేక శిక్షణ ఉన్న రిసోర్స్ పర్సన్లు పనిచేస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో టీచర్ల కోసం తెచ్చిన 'ప్రశస్త్' యాప్‌లో 21 వైకల్యాలకూ ప్రాథమిక పరిశీలన ప్రశ్నలు ఉన్నాయి. అది నిర్ధారణ కాదు, అనుమానాన్ని నమోదు చేయడం మాత్రమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే 30 ఆరోగ్య సమస్యల్లో ఆటిజం, అభ్యసన సమస్యలు, ఏడీహెచ్‌డీ మూడూ ఉన్నాయి. చట్టం జాబితాలో లేని ఏడీహెచ్‌డీకి ఉచితంగా తలుపు తెరిచేది ఇదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ నీపిడ్, దేశమంతా ఆటిజం ధ్రువీకరణకు వాడే 40 అంశాల కొలమానాన్ని రూపొందించిన చోటు.

ప్రత్యేక టీచర్ల కొరత తెలిసిందే. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలన్నది నిబంధన. ప్రైవేటు బడుల్లో ఎక్కువ చోట్ల ఆ మనిషే ఉండరు.

తేదీల సంగతి ఒకటి చాలామంది చివరి నిమిషంలో తెలుసుకుంటారు. 8 ఏళ్లకు తెచ్చుకున్న ధ్రువపత్రాన్ని 14లో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మన పిల్లలకు 14 అంటే తొమ్మిదో తరగతి. బోర్డు పరీక్షలో వెసులుబాట్లు కావాలంటే దరఖాస్తుకు తాజా కాగితం అవసరం. కాబట్టి తొమ్మిదో తరగతి మధ్యలోనే అపాయింట్‌మెంట్ తీసుకున్న కుటుంబాలు పదిలో హాల్ టికెట్ల సమయానికి పరుగులు పెట్టడం లేదు. పాత రిపోర్టులోని భాగాల వారీ అంకెలు కూడా వెంట తీసుకెళ్తే, ఆరేళ్లలో ఏది పెరిగిందో, ఏది అక్కడే ఆగిపోయిందో పరీక్షించేవాళ్లకు సులువుగా కనిపిస్తుంది.